ఇవ్వనన్న ఇంజన్ నుంచి శంషాబాద్ రాకెట్ దాకా

శంషాబాద్ దాటి బెంగళూరు హైవే మీద పాల్మాకుల వైపు వెళ్తుంటే ఎడమచేతి వైపు విమానాశ్రయం భూములు చాలాదూరం వెంట వస్తాయి. దాదాపు ఐదున్నర వేల ఎకరాలు. 2008 మార్చిలో విమానాలు దిగడం మొదలయ్యేదాకా ఈ చుట్టుపక్కలంతా జొన్న చేలు, కూరగాయల మళ్లు, రాళ్ల గుట్టలే. ఇప్పుడు ఆ ప్రాంగణంలోనే ఒక ఏరోస్పేస్ పార్కు ఉంది. 2023 అక్టోబరులో అక్కడి ఒక భవనాన్ని కేంద్రమంత్రి జితేంద్రసింగ్ ప్రారంభించి, అదే వేదిక మీద ఒక రాకెట్‌ను దేశానికి పరిచయం చేశారు. దాని పేరు విక్రమ్-1. దాదాపు ఏడంతస్తుల ఎత్తు. తయారీదారు స్కైరూట్ ఏరోస్పేస్ అనే ప్రైవేటు సంస్థ. ఆ సంస్థను పెట్టిన పవన్ కుమార్ చందన, నాగభరత్ డాకా ఇద్దరూ తెలుగువాళ్లే.

ఈ రాకెట్ అంతకు ఐదేళ్ల ముందు ఇద్దరు స్నేహితుల బుర్రలో పుట్టిందని చెప్పుకోవడం తేలిక. అది నిజమే గానీ సగం నిజం. దీని వెనక అరవై ఏళ్ల కథ ఉంది. మొదట్లో మనకు విదేశాలు పరికరాలు అరువిచ్చాయి. తర్వాత కొన్నింటిని ఇవ్వబోమని ముఖం మీదే చెప్పాయి. చివరికి తమ ఉపగ్రహాలను మన రాకెట్ మీద పెట్టి పంపమని వాళ్లే వచ్చారు. ప్రపంచంలో ఒక దేశం స్థాయి మారడమంటే ఏమిటో చెప్పడానికి ఐక్యరాజ్యసమితి ప్రసంగాలకన్నా ఈ కథే నాకు ఎక్కువ పనికొస్తుంది. దేశం హోదా శిఖరాగ్ర సమావేశాల్లో లెక్కకు వస్తుందేమో కాని, అది తయారయ్యేది మాత్రం లేత్ మిషన్ల దగ్గరే.

1963 నవంబరు 21న కేరళ తీరంలోని తుంబా నుంచి మన నేల మీద మొదటి రాకెట్ ఎగిరింది. రాకెట్ అమెరికాది. అందులో పెట్టిన సోడియం ఆవిరి పరికరం ఫ్రాన్స్‌ది. రక్షణ చర్యల కోసం పైన తిరిగిన హెలికాప్టరు సోవియట్ యూనియన్‌ది. మనవి ఏమిటంటే నేల, మనుషులు, భూ అయస్కాంత మధ్యరేఖ ఆ ఊరి మీదుగా పోవడం అనే భౌగోళిక అదృష్టం. విక్రమ్ సారాభాయ్ ఆ మూడింటినే పెట్టుబడిగా పెట్టారు. ప్రచ్ఛన్న యుద్ధం నడుమ అమెరికా, సోవియట్, ఫ్రాన్స్ ఒకే తీరంలో పనిచేశాయంటే, అప్పటికి భారత్ వల్ల ఎవరికీ భయం లేదు కాబట్టే. పేద దేశానికి చిన్న రాకెట్ ఇస్తే పోయేదేముంది?

1971లో శ్రీహరికోట నుంచి మొదటి చిన్న రాకెట్ ఎగిరింది. 1980 జూలై 18న అక్కడి నుంచే ఎస్ఎల్‌వీ-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. సొంతంగా ఉపగ్రహం ప్రయోగించగల దేశాల చిన్న జాబితాలో భారత్ చేరింది. అప్పటి నుంచే చూపు మారింది. ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టగలిగిన రాకెట్ బాంబునూ మోయగలదని బలవంతులైన దేశాలన్నిటికీ తెలుసు, ఎందుకంటే వాళ్ల తొలి రాకెట్లు చాలావరకు క్షిపణుల నుంచి వచ్చినవే. 1987 ఏప్రిల్‌లో అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, కెనడా, జపాన్ ఏడూ కలిసి క్షిపణి సాంకేతికత నియంత్రణ ఏర్పాటు చేసుకున్నాయి. ఐదువందల కిలోల బరువును మూడువందల కిలోమీటర్లు మోయగల వాహనం గాని, దాని భాగాలు గాని బయటివాళ్లకు ఇవ్వకూడదన్నది అందులో గీసిన గీత. ఎవరిని ఆపడానికి గీశారో పేరు పెట్టి రాయకపోయినా, గీతకు ఇవతల నిలబడ్డవాళ్లలో మనమూ ఉన్నాం.

ఆ గీత మన మీద గట్టిగా పడింది క్రయోజెనిక్ ఇంజన్ విషయంలో. టీవీ, ఫోన్ల కోసం వాడే రెండు టన్నుల ఉపగ్రహాన్ని 36 వేల కిలోమీటర్ల ఎత్తుకు చేర్చాలంటే రాకెట్ పై దశలో మామూలు ఇంధనం చాలదు. హైడ్రోజన్‌ను మైనస్ 253 డిగ్రీల దగ్గర, ఆక్సిజన్‌ను మైనస్ 183 డిగ్రీల దగ్గర ద్రవంగా ఉంచి మండించాలి. ఆ చలికి ఇనుము గాజులా పెళుసెక్కుతుంది. వాటిని తోడే పంపు నిమిషానికి నలభై వేల చుట్లు తిరగాలి. దానికి కొన్ని అంగుళాల దూరంలోనే మంట. ఈ రెంటి మధ్య నిలబడే లోహం, అతుకు, సీలు, బేరింగు ప్రతిదీ ఒక విద్యే. 1991 జనవరిలో సోవియట్ సంస్థ గ్లావ్‌కాస్మోస్‌తో ఇస్రో ఒప్పందం చేసుకుంది. ఇంజన్లతోపాటు వాటిని తయారుచేసే విద్య కూడా ఇవ్వాలన్నది షరతు. ఆ ఏడాది చివరికి సోవియట్ యూనియనే లేకుండా పోయింది. 1992 మేలో అమెరికా ఇస్రో మీద, గ్లావ్‌కాస్మోస్ మీద రెండేళ్ల ఆంక్షలు విధించింది. ఈ అమ్మకం ఆపకపోతే రష్యాకు ఆర్థిక సాయం ఆపాలని సెనేట్‌లో పట్టుబట్టినవాళ్లలో జో బైడెన్ ఒకరు.

మన శాస్త్రవేత్తలు చెప్పిన వాదన సూటిగా ఉంటుంది. క్రయోజెనిక్ ఇంధనాన్ని నింపడానికే గంటలు పడుతుంది, నింపి నిల్వ ఉంచలేరు. యుద్ధంలో నిమిషాల మీద ప్రయోగించాల్సిన క్షిపణికి అది ఏ రకంగానూ పనికిరాదు. ఈ మాట అమెరికా ఇంజనీర్లకు తెలియనిది కాదు. ఒప్పందానికి ముందు అమెరికా, ఐరోపా సంస్థలు కూడా తమ ఇంజన్లు మనకు అమ్ముతామని ముందుకొచ్చాయి. కాబట్టి అభ్యంతరం ఇంజన్ మీద కన్నా విద్య మీదేనని నేను నమ్ముతాను. ఉపగ్రహాల రవాణా వ్యాపారంలో కొత్త పోటీదారు రావడం ఎవరికీ ఇష్టం లేదు. డబ్బు అవసరంలో ఉన్న రష్యా 1993లో తలొగ్గింది. విద్య ఇవ్వం, ఏడు ఇంజన్లు మాత్రం చేసి ఇస్తాం అంది.

1994లో ఇస్రో సొంత క్రయోజెనిక్ ప్రాజెక్టు మొదలుపెట్టింది. అది ఫలించడానికి ఇరవై ఏళ్లు పట్టింది. ఇరవై ఏళ్లంటే చదువు ముగించి చేరిన కుర్రవాడు నడివయసుకు వచ్చేంత కాలం. 2001 ఏప్రిల్‌లో జీఎస్ఎల్‌వీ రాకెట్ రష్యా ఇంజన్‌తో ఎగిరింది. 2010 ఏప్రిల్ 15న మన ఇంజన్‌తో ఎగిరినప్పుడు పై దశలో ఇంధనం తోడే చిన్న పంపు తిరగడం ఆగిపోయింది. ఉపగ్రహం బంగాళాఖాతంలో పడింది. అదే ఏడాది డిసెంబరులో రష్యా ఇంజన్‌తో ఎగిరినదీ సముద్రంలోనే పడింది. 2013 ఆగస్టులో మళ్లీ సిద్ధమయ్యారు. ఎగరడానికి గంట పైచిలుకు ఉందనగా రెండో దశలో ఇంధనం కారుతోందని గుర్తించి ఆపేశారు. అలా ఆపగలగడం ఎంత నిబ్బరమో కంట్రోల్ రూములో కూర్చున్నవాళ్లకు తెలుస్తుంది. దేశమంతా టీవీ ముందు కూర్చుంది, వెనక మూడేళ్ల అపజయం ఉంది. 2014 జనవరి 5న అదే రాకెట్ జీశాట్-14 ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఒప్పందంతోనే రావలసిన విద్య ఇరవై ఏళ్లకు వచ్చింది. వచ్చింది మాత్రం మొత్తం వచ్చింది, ఏ మూల ఏముందో మనవాళ్లకు తెలిసేంతగా వచ్చింది.

ఆంక్షల కాలంలో పని ఎక్కడ జరిగిందని అడిగితే తిరువనంతపురం, మహేంద్రగిరి, బెంగళూరు పేర్లు చెప్తారు. హైదరాబాద్ పేరు కూడా అంతే గట్టిగా చెప్పాలి. మేధావులూ ఉన్నారు, మేస్త్రీలూ ఉన్నారు ఈ ఊళ్లో. కంచన్‌బాగ్‌లో 1963లో రక్షణ లోహ పరిశోధనశాల, 1973లో మిశ్ర ధాతు నిగమ్ వచ్చాయి. మిధాని అని అందరూ పిలిచే ఆ కర్మాగారం రాకెట్ కేసింగుకు కావలసిన మారేజింగ్ ఉక్కును ఇక్కడే కరిగించింది. దాదాపు 18 శాతం నికెల్ కలిపిన ఆ ఉక్కును బయటి దేశాలు మనకు సులువుగా అమ్మేవి కావు. పీఎస్ఎల్‌వీ మొదటి దశ కేసింగు ఆ ఉక్కుతోనే చేస్తారు. 1971లో అణు ఇంధన సముదాయం వచ్చింది. బాలానగర్‌లో యంత్ర పరికరాల పని నేర్పే కేంద్ర సంస్థ సీఐటీడీ 1968 నుంచి ఉంది. హెచ్ఎంటీలో పనిచేసి బయటికొచ్చిన ఇంజనీర్లు 1970లో అక్కడే ఎంటార్ అనే సంస్థ పెట్టారు. 1974 పోఖ్రాన్ పరీక్ష తర్వాత కెనడా అణు సహకారం ఆపేసినప్పుడు రియాక్టర్ భాగాలు చేసే పని ఈ వర్క్‌షాపులకు వచ్చింది. తర్వాత ఇస్రో వికాస్ ఇంజన్లు, క్రయోజెనిక్ భాగాలు కూడా వచ్చాయి.

బాలానగర్, జీడిమెట్ల, కుషాయిగూడ షెడ్లలో జాబ్ వర్కు చేసే టర్నర్, ఫిట్టర్, వెల్డర్ల గురించి ఎక్కడా పెద్దగా రాయరు. డ్రాయింగు మీద మైక్రాన్లలో ఇచ్చిన కొలత ఒక్కటి తప్పితే నెలరోజుల పని స్క్రాపులోకి పోతుంది. ఆ పీసు దేనికి వాడతారో కూడా చాలాసార్లు వాళ్లకు చెప్పరు. ఐటీఐ చదివి, సైకిల్ మీద షిఫ్టుకు వచ్చి, మూడు దశాబ్దాల్లో వాళ్లు సంపాదించిన పనితనం ఏ ఒప్పందంలోనూ కొనలేనిది. ప్రైవేటు రాకెట్ సంస్థ ఒకటి హైదరాబాద్‌లో పుట్టిందంటే మొదటి కారణం ఈ షెడ్లే. కావలసిన భాగానికి ముంబయికో విదేశానికో రాయక్కర్లేదు, స్కూటర్ మీద వెళ్లి మాట్లాడి రావచ్చు.

రెండో కారణం ఈ ఏరోస్పేస్ పార్కుకు దగ్గరే. విమానాశ్రయానికి మరో వైపు, శ్రీశైలం రోడ్డు దిక్కున ఇమారత్ పరిశోధన కేంద్రం ఉంది. 1988లో మొదలైంది. అబ్దుల్ కలాం రక్షణ పరిశోధన సంస్థలో ఉన్నప్పుడు రూపుదిద్దిన చోటు అది. 1989 మేలో ఎగిరిన అగ్ని క్షిపణి అంతరిక్షం నుంచి తిరిగి వాతావరణంలోకి దూసుకొచ్చేటప్పుడు దాని ముక్కు వేల డిగ్రీల వేడిని తట్టుకోవాలి. నిషేధం వల్ల ఆ వేడికి నిలిచే పదార్థం బయట దొరకలేదు. కార్బన్ మిశ్రమ పదార్థాన్ని ఇక్కడే అభివృద్ధి చేశారు. అదే విద్యతో నిమ్స్ వైద్యులు, రక్షణ శాస్త్రవేత్తలు కలిసి పోలియో పిల్లలకు తేలిక కాలిపర్లు చేశారు. మూడు నాలుగు కిలోల లోహం మోసుకు తిరిగే పిల్లల కాళ్ల మీద బరువు అరకిలో లోపుకు దిగింది. ఆ పనిలోనే తనకు అన్నిటికన్నా ఎక్కువ తృప్తి దొరికిందని కలాం తర్వాత పలుచోట్ల చెప్పారు. ఈ కార్బన్ విద్యే ఈ కథలో మళ్లీ వస్తుంది.

ఇక ప్రపంచం వైపు. 1998 మే అణుపరీక్షల తర్వాత ఇస్రో, రక్షణ పరిశోధన సంస్థల అనుబంధ శాఖలు అనేకం అమెరికా నిషేధ జాబితాలోకి వెళ్లాయి. 2008లో గాలి మళ్లింది. ఆ సెప్టెంబరులో అణు సరఫరాదారుల బృందం భారత్‌కు మినహాయింపు ఇచ్చింది, అక్టోబరులో చంద్రయాన్-1 ఎగిరింది. అందులో అమెరికా పరికరాలు కూడా ప్రయాణించాయి. 2011 జనవరిలో ఇస్రో, రక్షణ పరిశోధన శాఖలను ఆ జాబితా నుంచి తీసేశారు. 2016 జూన్ 27న భారత్ క్షిపణి సాంకేతికత నియంత్రణ ఏర్పాటులో సభ్య దేశమైంది. మనల్ని బయట ఉంచడానికి గీసిన గీతకు లోపలివైపుకు చేరాం. 2023 జూన్‌లో ఆర్టెమిస్ ఒప్పందాల మీద వాషింగ్టన్‌లో భారత్ సంతకం చేసింది. అప్పుడు అమెరికా అధ్యక్షుడు జో బైడెన్.

ఈ మార్పు మన మంచితనం చూసి వచ్చింది కాదు. చైనాకు ఎదురు నిలిచే భాగస్వామి అమెరికాకు కావాలి, మనకు మార్కెట్లు కావాలి. అయినా క్రయోజెనిక్ విద్య ఇంకా వాళ్ల చేతుల్లోనే ఉండి ఉంటే ఆ బేరంలో మన వాటా చాలా తగ్గేదని నా అభిప్రాయం. మనమే చేసుకున్నాక ఇంక నిషేధించడానికి ఏమీ మిగలదు. అప్పుడే గౌరవం మొదలవుతుంది.

2022 ఈ కథలో పెద్ద మలుపు. ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీద దాడి చేసింది. బ్రిటన్‌కు చెందిన వన్‌వెబ్ తన ఇంటర్నెట్ ఉపగ్రహాలను రష్యా రాకెట్ల మీద పంపుతూ ఉండేది. మార్చిలో ఆ దారి మూసుకుపోయింది. ఏప్రిల్‌లో ఇస్రో వాణిజ్య విభాగంతో ఒప్పందం కుదిరింది. అక్టోబరు 23న ఎల్‌వీఎం-3 రాకెట్ వన్‌వెబ్ ఉపగ్రహాలు 36 తీసుకుని శ్రీహరికోట నుంచి వెళ్లింది. దాని పై దశలో ఉన్నది మనం సొంతంగా చేసుకున్న క్రయోజెనిక్ ఇంజనే. ముప్పై ఏళ్ల కింద రష్యా నుంచి మనం కొనబోయి ఆగిపోయిన విద్య, ఇప్పుడు రష్యా ఖాళీ చేసిన చోట పనిచేసింది.

ఆ ఎల్‌వీఎం-3 పక్కల కనిపించే రెండు పెద్ద ఘన ఇంధన బూస్టర్ల పేరు ఎస్-200. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో మెకానికల్ ఇంజనీరింగ్ చదివి తిరువనంతపురం విక్రమ్ సారాభాయ్ కేంద్రంలో చేరిన పవన్ కుమార్ చందన వాటి మీద పనిచేశారు. ఐఐటీ మద్రాసులో చదివిన నాగభరత్ డాకా అక్కడే రాకెట్ లోపలి కంప్యూటర్ల పని చూశారు. 2018లో ఇద్దరూ ఉద్యోగం వదిలి హైదరాబాద్ వచ్చి స్కైరూట్ మొదలుపెట్టారు. అప్పటికి ఒక ప్రైవేటు సంస్థ మన దేశం నుంచి రాకెట్ ఎగరేయడానికి అనుమతి ఎవరిని అడగాలో కూడా ఏర్పాటు లేదు. ఇస్రోకు భాగాలు చేసిచ్చే సంస్థలు వందల్లో ఉన్నా, మొత్తం రాకెట్ తనదిగా చేసుకునే హక్కు ఎవరికీ లేదు. దారి లేదని తెలిసీ ఇల్లు వదిలి బయల్దేరడం అది. మింత్రా వ్యవస్థాపకుడు ముకేశ్ బన్సల్ తొలి పెట్టుబడి పెట్టారు. తర్వాత గ్రీన్‌కో వ్యవస్థాపకులు అనిల్ చలమలశెట్టి, మహేశ్ కొల్లి వచ్చారు. 2022 సెప్టెంబరులో సింగపూర్ సార్వభౌమ నిధి జీఐసీ ముందుండి 5.1 కోట్ల డాలర్లు సమకూర్చింది.

దారి 2020లో తెరుచుకుంది. కోవిడ్ లాక్‌డౌన్ నడుస్తుండగా మే నెలలో అంతరిక్షంలోకి ప్రైవేటును అనుమతిస్తామని ఆర్థికమంత్రి ప్రకటించారు. జూన్‌లో ఇన్-స్పేస్ అనే అనుమతుల సంస్థకు మంత్రివర్గం ఆమోదం తెలిపింది. 2021 సెప్టెంబరులో ఇస్రో పరీక్షా కేంద్రాలను వాడుకునే ఒప్పందం మీద స్కైరూట్ సంతకం చేసింది. స్టార్టప్‌లలో అదే మొదటిది.

వాళ్లు చేసిన ఇంజన్లకు పెట్టుకున్న పేర్లు చూడండి. రామన్, కలాం, ధావన్. 2020 ఆగస్టులో పరీక్షించిన రామన్ చిన్న ద్రవ ఇంధన ఇంజన్, పైదశ కోసం. దాని లోపలి భాగాలను త్రీడీ ప్రింటర్‌లో లోహపు పొడిని పొర మీద పొరగా కరిగించి అచ్చేశారు. పాత పద్ధతిలో ఇలాంటి ఇంజెక్టర్‌ను ఎన్నో ముక్కలుగా చేసి అతకాలి. ప్రతి అతుకూ ఇంధనం కారగల చోటు. ప్రింటింగ్‌లో అతుకులు చాలావరకు పోతాయి, గోడ లోపలే చల్లబరిచే సన్నని కాలువలు ఏర్పడతాయి. 2021 నవంబరులో నాగపూర్‌లో పరీక్షించిన ధావన్-1 కూడా అలా అచ్చయిన క్రయోజెనిక్ ఇంజనే. హైడ్రోజన్ బదులు ద్రవరూప సహజవాయువు, ద్రవ ఆక్సిజన్‌తో నడుస్తుంది. 1992లో ఒక మొత్తం దేశానికి ఇవ్వకూడదనుకున్న విద్యలో ఒక రకాన్ని, 2021లో హైదరాబాద్‌లోని చిన్న సంస్థ మండించి చూపింది. అది చిన్న ఇంజన్, జీఎస్ఎల్‌వీ ఇంజన్‌తో పోల్చదగింది కాదు. అయినా ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

కలాం పేరు పెట్టినవి ఘన ఇంధన మోటార్లు. వాటి కేసింగు ఉక్కుది కాదు, కార్బన్ ఫైబర్‌ది. జిగురులో తడిసిన కార్బన్ నారను తిరిగే అచ్చు మీద, గాలిపటం దారాన్ని చరఖాకు చుట్టినట్టు లెక్కగా కోణం మార్చుకుంటూ చుడతారు. తర్వాత వేడి కొలిమిలో గట్టిపడనిస్తారు. ఉక్కుకన్నా ఎన్నోరెట్లు తేలిక. కేసింగులో బరువు తగ్గినకొద్దీ రాకెట్ ఎక్కువ బరువున్న ఉపగ్రహాన్ని మోయగలదు. ఇమారత్ ప్రయోగశాలల్లో కార్బన్ మీద చేయితిరిగిన మనుషులు, వాళ్లకు పని చేసిపెట్టిన చిన్న పరిశ్రమలు ఒకే ఊళ్లో ఉండటం ఎంత అక్కరకొచ్చి ఉంటుందో ఊహించుకోవచ్చు.

2022 నవంబరు 18, శుక్రవారం, పదకొండున్నర. శ్రీహరికోటలో సౌండింగ్ రాకెట్లు ఎగరేసే చిన్న ప్యాడ్ నుంచి విక్రమ్-ఎస్ లేచింది. వాతావరణం అనుకూలించక అప్పటికే కొన్నిరోజులు వాయిదాపడింది. ఆరు మీటర్ల పొడవు, సుమారు 545 కిలోల బరువు. కలాం-80 మోటారు ఒక్కటే దాని ప్రాణం. ధ్వనికి ఐదురెట్ల వేగం అందుకుంది. రాకెట్ దారి తప్పకుండా తనచుట్టూ తాను తిరిగేందుకు నాలుగు చిన్న త్రస్టర్లు ఉన్నాయి, వాటినీ ప్రింటర్ మీదే చేశారు. లోపల మూడు పరికరాలు: చెన్నై స్పేస్‌కిడ్జ్‌వి, ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఎన్-స్పేస్‌టెక్‌వి, ఆర్మేనియా బజూమ్‌క్యూవి. 89.5 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి, తీరానికి నూటపదిహేను కిలోమీటర్ల అవతల సముద్రంలో పడింది. మొత్తం ఐదు నిమిషాల ప్రయాణం. తుంబా తర్వాత 59 ఏళ్లకు మూడు రోజులు తక్కువ. అప్పుడు అమెరికా రాకెట్ మీద ఫ్రాన్స్ పరికరం వెళ్లింది. ఇప్పుడు ఒక తెలుగు సంస్థ రాకెట్ మీద ఆర్మేనియా పరికరం వెళ్లింది. ఎనిమిది రోజుల తర్వాత హైదరాబాద్‌కే చెందిన ధ్రువ స్పేస్ చేసిన రెండు చిట్టి ఉపగ్రహాలు పీఎస్ఎల్‌వీ మీద కక్ష్యకు చేరాయి.

దీన్ని ఎక్కువ చేసి చెప్పకూడదు. అంతరిక్షం వంద కిలోమీటర్ల దగ్గర మొదలవుతుందని చాలామంది లెక్క. విక్రమ్-ఎస్ దానికి కొంచెం కిందే ఆగింది. పైకి వెళ్లడం వేరు, పైన నిలవడం వేరు. కక్ష్యలో నిలవాలంటే సెకనుకు ఏడున్నర కిలోమీటర్లకు పైగా వేగం కావాలి. విక్రమ్-ఎస్ అందుకున్నది అందులో దాదాపు ఐదోవంతే. శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది కనుక కిలోకు ఇరవై రెట్లకు పైగా శక్తి పెట్టాలి. అందుకే విక్రమ్-1కు మూడు ఘన దశలు, పైన ఒక ద్రవ దశ. ప్రపంచ అంతరిక్ష వ్యాపారంలో మన వాటా ఇప్పటికీ రెండు శాతం దగ్గరే. తయారీలో మన కొరతలు ఈ చుట్టుపక్కలే కనిపిస్తాయి. పాల్మాకుల పక్కన ముచ్చింతల్‌లో 2022లో ఆవిష్కరించిన 216 అడుగుల రామానుజాచార్యుల విగ్రహాన్ని చైనాలో పోతపోయించి ముక్కలుగా తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. విమానాశ్రయం ఏరోస్పేస్ పార్కులోనే 2025 నవంబరులో ఫ్రాన్స్ సంస్థ సఫ్రాన్ విమాన ఇంజన్ల మరమ్మతు కేంద్రం ప్రారంభమైంది. ఉద్యోగాలు వస్తాయి, సంతోషమే. కాని ఆ ఇంజన్ మనది కాదు. విమానానికి సొంత జెట్ ఇంజన్ చేసుకోలేని దేశమే సొంత రాకెట్ ఇంజన్ చేసుకుంది. ఒకే గోడ లోపల మన బలం, మన కొరత రెండూ ఉన్నాయి. ఎదుగుతున్న దేశం అంటే అసలు రూపం ఇదే. క్రయోజెనిక్‌కు పట్టినట్టే జెట్ ఇంజన్‌కూ ఇరవై ఏళ్ల ఓపిక పెట్టాలి, డబ్బూ పెట్టాలి.

మరొకటి ఈ చుట్టుపక్కల ఊళ్ల గురించి. విమానాశ్రయానికి భూములు పోయిన కుటుంబాల పిల్లలు ఈ పార్కు గేటు దగ్గర సెక్యూరిటీ దుస్తుల్లోనో, క్యాంటీన్‌లోనో కనిపిస్తే నాకు బాధగా ఉంటుంది. కార్బన్ నార చుట్టడం, ప్రింటరు నడపడం, అతుకులను ఎక్స్-రే తీసి చూడటం ఐఐటీ చదువు కోరే పనులు కావు. మంచి ఐటీఐ, ఒక ఏడాది శిక్షణ చాలు. బాలానగర్‌కు సీఐటీడీ ఏం చేసిందో శంషాబాద్‌కు అలాంటి సంస్థ ఒకటి చేయాలి. పాల్మాకుల, ముచ్చింతల్, మామిడిపల్లి పిల్లలకు అందులో ముందు వరస ఇవ్వాలి. ఇది దయగా ఇవ్వాల్సింది కాదు, వాళ్ల భూమికి బదులు.

2025 జూలై 30న శ్రీహరికోట నుంచి జీఎస్ఎల్‌వీ నైసార్ ఉపగ్రహాన్ని తీసుకెళ్లింది. అమెరికా నాసా, ఇస్రో కలిసి తయారుచేసిన 2,392 కిలోల ఉపగ్రహం అది. నేల కదలికను, మంచు కరుగుదలను పన్నెండు రోజులకోసారి కొలుస్తుంది. నాసా తన ఖరీదైన రాడార్‌ను నమ్మి పెట్టింది సరిగ్గా ఆ రాకెట్ మీదే, ఇంజన్ ఇవ్వనీయనని తమ ప్రభుత్వం ఒకప్పుడు అడ్డుకున్న రాకెట్ మీదే. తొమ్మిది రోజుల తర్వాత, ఆగస్టు 8న, అదే శ్రీహరికోటలో విక్రమ్-1 మొదటి దశ కలాం-1200 మోటారును నేల మీద కట్టి మండించి పరీక్షించారు. పదకొండు మీటర్ల పొడవు, 1.7 మీటర్ల వ్యాసం, అతుకు లేని ఒకే కార్బన్ కేసింగు. దాని లోపల పోసిన ముప్పై టన్నుల ఘన ఇంధనం మాత్రం ఇస్రో కర్మాగారంలోనే పోతపోశారు. దాన్ని పట్టి ఉంచిన పరీక్షా స్టాండు కూడా ఇస్రో రూపొందించినదే.